కొన్నవారి లెక్క, అమ్మినవారి లెక్క: పన్ను సొమ్ము ఎక్కడ నిలిచిపోతున్నది?

మార్కెట్ పాఠం

ఏటూరునాగారం: గోదావరి ఒడ్డు కల్లాలలో మిరప ఆరి బస్తాలకెక్కే రోజుల్లో ఇక్కడి ఖరీదుదారులు ఇదివరకు ఆరా తీసేవి రెండే: ఎనుమాములలో ధర ఎంత, గుంటూరులో ధర ఎంత. ఇప్పుడు మూడవ ఆరా ఒకటి వచ్చి చేరింది. సరుకు కొన్న కంపెనీ పన్ను విభాగంలో కంప్యూటరు ఏమంటున్నది అన్నదే ఆ ఆరా. సరుకు దిగుతుంది, కాటా సరిపోతుంది, నాణ్యత మీద పేచీ ఉండదు. అయినా బిల్లులో పన్ను మేరకు సొమ్ము ఆగిపోతుంది. కారణం అడిగితే "మీ బిల్లు మాకు కనబడలేదు" అన్న జవాబు వస్తుంది. బిల్లు లారీతోపాటే వెళ్లిందని వర్తకుడు వాపోతాడు. ఇద్దరి మాటా నిజమే. బిల్లు కాగితం మీద ఉన్నది. కంపెనీ వారు చూసే చోట లేదు.

పెద్ద కంపెనీల పన్ను విభాగాలు "డేటా ఎనలిటిక్స్" అని పిలుస్తున్నది బొత్తిగా కొత్త విద్య కాదు. చిట్టాను ఆవర్జాతోను, ఆవర్జాను ఎదుటివారి ఖాతాతోను సరిచూడడం గుమాస్తాలు తరతరాలుగా చేస్తున్న పనే. గుమాస్తా అనుమానం వచ్చిన పద్దునే తిరగేసేవాడు. యంత్రం అన్ని పద్దులనూ తిరగేస్తుంది, అదీ ఒక్క పూటలో. అది ఏమి చూస్తుందో, ఎలా చూస్తుందో తెలిసిన వర్తకుడికి సొమ్ము ఆగదు. తెలియనివాడి సొమ్ము నెలల తరబడి ఇరుక్కుపోవచ్చు.

తనిఖీ తీరు మారిన విధం

1957 నాటి అమ్మకపు పన్ను చట్టం రోజుల్లో అధికారి దుకాణానికి వచ్చి పుస్తకాలు చూసేవాడు. 2005 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ వచ్చాక కొనుగోలు మీద కట్టిన పన్నును అమ్మకపు పన్నులో తగ్గించుకునే వీలు కలిగింది. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో ఈ తగ్గింపు దేశమంతటికీ ఒక్క పద్ధతిలోకి వచ్చింది. దీనినే ఇన్‌పుట్ క్రెడిట్ అంటున్నారు.

మొదట్లో అమ్మినవాడు బిల్లు చూపించినా చూపించకపోయినా కొన్నవాడు తన పుస్తకాలనుబట్టి క్రెడిట్ వాడుకునేవాడు. 2019 అక్టోబరులో దీనికి కళ్లెం పడింది. అమ్మినవాడు చూపిన బిల్లుల మీది క్రెడిట్‌కు మించి 20 శాతం వరకే వాడుకోవచ్చునన్నారు. 2020 జనవరి నుంచి అది 10 శాతమైంది, 2021 జనవరి నుంచి 5 శాతమైంది. 2022 జనవరి 1 నుంచి ఆ సడలింపు పూర్తిగా పోయింది. అమ్మినవాడు జీఎస్టీఆర్-1లో చూపి, అది కొన్నవాడి 2బి పట్టీలోకి వస్తేనే క్రెడిట్.

ఈ ఒక్క మార్పుతో కంపెనీల పన్ను విభాగాలు తమ పుస్తకాలనే కాక సరుకు అమ్మినవారి దాఖలాలను కూడా కనిపెట్టి చూడవలసి వచ్చింది. ఏటూరునాగారంలో జరిగిన చేతితప్పు హైదరాబాదు కంపెనీకి నష్టమవుతున్నది. ఆ నష్టాన్ని కంపెనీ భరించదు, వర్తకుడి చెల్లింపులో ఆపుతుంది.

ఒక ఉదాహరణ

లెక్క తేలికగా తెలియడానికి ఒక ఊహాత్మక బేరాన్ని తీసుకోవచ్చు. ఏటూరునాగారం వర్తకుడు ఒకరు ఫిబ్రవరిలో హైదరాబాదు మసాలా కంపెనీకి 10 లారీ బిల్లుల మీద ఎండుమిరప అమ్మాడనుకుందాం. బిల్లుకు 120 బస్తాలు, బస్తా 40 కిలోలు, అంటే 48 క్వింటాళ్లు. క్వింటాలు 15,000 రూపాయల చొప్పున బిల్లు విలువ 7,20,000. ఎండుమిరపకు జీఎస్టీ 5 శాతం గనుక పన్ను 36,000. పది బిల్లులకు సరుకు విలువ 72,00,000, పన్ను 3,60,000.

మార్చి 14న కంపెనీ 2బి పట్టీ తయారవుతుంది. అందులో 8 బిల్లులే ఉన్నాయి. ఆ ఎనిమిదిలో ఒకటి 7,20,000కు బదులు 2,70,000గా పడింది. దాని పన్ను 13,500 మాత్రమే కనబడింది. మిగిలిన ఏడింటి పన్ను 2,52,000. రెండూ కలిపి 2,65,500. కంపెనీ పుస్తకంలో రావలసిన క్రెడిట్ 3,60,000. తేడా 94,500 రూపాయలు. కంపెనీ ఆ మేరకు సొమ్ము ఆపింది.

ఈ బేరంలో క్వింటాలుకు 200 రూపాయలు మిగిలాయనుకుంటే 480 క్వింటాళ్లకు వర్తకుడి మొత్తం లాభం 96,000. ఆగిన సొమ్ము 94,500. సీజనంతా తిరిగి సంపాదించినదంతా రెండు బిల్లుల గైర్హాజరులోను, ఒక అంకె తారుమారులోను నిలిచిపోయింది. వర్తకుడు తన 3బిలో పన్ను 3,60,000 పూర్తిగా కట్టి ఉన్నా ఫలితం ఇదే. సర్కారుకు పన్ను ముట్టింది గాని, ఎవరి పేరున ముట్టిందో పట్టీలో లేదు.

తేడాను విడదీయడం

కంపెనీ యంత్రం "94,500 తక్కువ" అని చెప్పి ఊరుకోదు. ఆ తేడాను ముక్కలుగా విడదీస్తుంది. వర్తకుడి గుమాస్తా కూడా అదే వరుసలో చూసుకోవచ్చు.

మొదట చూసేది నంబరు. జీఎస్టీ నంబరుకు 15 అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, మహారాష్ట్రకు 27, ఛత్తీస్‌గఢ్‌కు 22. తరువాతి పది పాన్ నంబరు. చివరిది సరిచూపు అక్షరం. ముందు అక్షరాల్లో పొరపాటు ఉంటే చాలావరకు ఇది పట్టిస్తుంది. కాని ఒకే కంపెనీకి రెండు రాష్ట్రాల్లో రెండు నంబర్లు ఉన్నప్పుడు 36కు బదులు 37 నంబరు వేస్తే అదీ సరైన నంబరే గనుక యంత్రం అభ్యంతరపెట్టదు. బిల్లు వేరే శాఖ పట్టీలోకి వెళ్లి కూర్చుంటుంది. మన ఉదాహరణలో కనబడని రెండు బిల్లుల్లో ఒకటి ఇలా పోయిందనుకోవచ్చు. రెండవది నంబరు వేయకుండా చిల్లర అమ్మకాల్లో కలిపివేసింది.

రెండవది బిల్లు నంబరు. పుస్తకంలో "45" అని, దాఖలాలో "045" అని, ఒకచోట సంవత్సరం చేర్చి, మరొకచోట చేర్చక రాస్తే మనిషి ఒకటేనని పోల్చుకుంటాడు. యంత్రానికి అవి వేర్వేరు బిల్లులు. మంచి యంత్రాలు విలువ, తేదీ చూసి జత కలుపుతాయి గాని అన్నీ కలుపుతాయన్న భరోసా లేదు.

మూడవది పన్ను రకం. తెలంగాణలో అమ్మితే కేంద్ర పన్ను రెండున్నర, రాష్ట్ర పన్ను రెండున్నర శాతం. గుంటూరు 2014 జూన్ 2 నుంచి పొరుగు రాష్ట్రం. అక్కడి కొనుగోలుదారుకు అమ్మితే ఐజీఎస్టీ 5 శాతం వేయాలి. మొత్తం సొమ్ము ఒకటే కదా అని పాత అలవాటున రెండుగా విడగొట్టి వేసిన బిల్లు సరిపోదు.

నాలుగవది అంకెల తారుమారు. పాత గుమాస్తాలకు దీనికొక కిటుకు తెలుసు. రెండు మొత్తాల తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు అటూ ఇటూ అయ్యాయేమో చూడాలి. 7,20,000 నుంచి 2,70,000 తీసివేస్తే 4,50,000. 9తో భాగిస్తే సరిగ్గా 50,000. యంత్రంలో వాడుతున్నదీ ఈ పరీక్షే. గుమాస్తా నోటి లెక్కను సూత్రంగా మార్చారు, అంతే.

దిద్దుబాటుకు మార్గం ఉన్నది. మొత్తం తప్పుపడితే అదే నెల 3బి వేయకముందు జీఎస్టీఆర్-1ఎలో సరిదిద్దవచ్చు. ఈ వీలు 2024 ఆగస్టులో వచ్చింది. కొనుగోలుదారు నంబరే తప్పయితే తరువాతి నెల జీఎస్టీఆర్-1లో సవరణ వేయాలి. ఆ సవరణ వల్ల క్రెడిట్ తరువాతి 2బిలో కంపెనీకి చేరుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక నవంబరు 30 దాటితే ఈ దారులు మూసుకుపోతాయి. అప్పుడు ఆగిన సొమ్ము పోయిన సొమ్మే.

మూడు నెలల దాఖలాలో చిక్కు

అయిదు కోట్ల లోపు టర్నోవరున్న చిన్న వర్తకులు మూడు నెలలకొకసారి దాఖలు చేసే పద్ధతి ఎంచుకోవచ్చు. కాగితం పని తగ్గుతుందని చాలామంది ఎంచుకుంటారు. జనవరిలో అమ్మిన బిల్లు ఏప్రిల్ 13న దాఖలైతే కంపెనీ పట్టీలోకి ఏప్రిల్ 14న వస్తుంది. అంతవరకు పన్ను సొమ్ము ఆగుతుంది. త్రైమాసికంలో మొదటి రెండు నెలలకు బిల్లులు మాత్రం తరువాతి నెల 13లోగా ఎక్కించే సదుపాయం, ఐఎఫ్ఎఫ్, ఉన్నది. నెలకు 50 లక్షల విలువ వరకు దానిలో చూపవచ్చు. కంపెనీలకు అమ్మేవారు ఈ సదుపాయాన్ని వాడకపోతే తమ పెట్టుబడిని తామే బిగించుకున్నట్లు.

2024 అక్టోబరు 14 నుంచి కొన్నవాడు ప్రతి బిల్లునూ అంగీకరించవచ్చు, నిరాకరించవచ్చు, పెండింగులో ఉంచవచ్చు. ఐఎంఎస్ అని దీని పేరు. కనుక బిల్లు పట్టీలోకి వచ్చినంత మాత్రాన పని తీరలేదు. తరుగు, నాణ్యత కోత వంటి తగాదాలు క్రెడిట్ నోటుతో తెంచుకోకపోతే కంపెనీ ఆ బిల్లును నిరాకరించే అవకాశం ఉన్నది.

రైతు సరుకుకు క్రెడిట్ ఉండదు

ఇక సర్కారు వైపు యంత్రం వేసే ప్రశ్నలు వేరు. జీఎస్టీ వచ్చిన రోజునే కేంద్రం పరోక్ష పన్నుల బోర్డు కింద విశ్లేషణకు ప్రత్యేక డైరెక్టరేటు ఏర్పడింది. ఆదాయపు పన్ను శాఖకు ప్రాజెక్ట్ ఇన్‌సైట్ ఉన్నది. రాష్ట్రాల అధికారులకు జీఎస్టీ నెట్‌వర్క్ తన విశ్లేషణ సాధనాన్ని అందిస్తున్నది. ఇవన్నీ మొదట చూసేది నిష్పత్తులను.

ఏటూరునాగారం, మంగపేట, వెంకటాపురం, వాజేడు ప్రాంతాల్లో మిరప కొనే వర్తకుడు చాలావరకు రైతు దగ్గరే కొంటాడు. తన పంట అమ్ముకునే రైతుకు రిజిస్ట్రేషను అక్కరలేదు. ఆ కొనుగోలు మీద పన్ను లేదు, కనుక క్రెడిట్ కూడా లేదు. అమ్మినప్పుడు పడే 5 శాతం దాదాపు అంతా నగదుగానే కట్టవలసి ఉంటుంది. అదే ఈ వ్యాపారపు సహజ లక్షణం. అలాంటి వర్తకుడు అమ్మకపు పన్నునంతా క్రెడిట్‌తోనే చెల్లించి నగదు పైసా కట్టకపోతే, ఆ క్రెడిట్ ఎక్కడిదన్న ప్రశ్న యంత్రం వేస్తుంది.

జవాబు సక్రమమైనదే కావచ్చు. మరొక వర్తకుడి దగ్గర బిల్లు మీద కొని ఉండవచ్చు. కాకపోతే అది బిల్లుల వ్యాపారం కావచ్చు. ఒక సంస్థ రెండవదానికి, రెండవది మూడవదానికి, మూడవది మళ్లీ మొదటిదానికి 10 లక్షల మిరప అమ్మినట్లు రాసుకుంటారు. బస్తా కదలదు. 50,000 పన్ను కాగితం మీద ఒక చుట్టు తిరుగుతుంది. ఎవరి పుస్తకం చూసినా జమ, ఖర్చు సరిపోతాయి. ఒక్కొక్క పుస్తకం చూసే అధికారికి ఇది దొరకదు. సంస్థలను చుక్కలుగా, బిల్లులను గీతలుగా వేసి చూస్తే వలయం బయటపడుతుంది. ఈ వలయాలను పట్టే పద్ధతులమీద హైదరాబాదు ఐఐటీ పరిశోధకులు తెలంగాణ వాణిజ్య పన్నుల శాఖతో కలిసి పనిచేసి పరిశోధన పత్రాలు ప్రచురించారు. తీగ లాగితే డొంకంతా కదిలినట్లు, వలయంలో ఒకరి దగ్గర ఎరుగక కొన్నవారి వ్యాపారం మీద కూడా ప్రశ్నలు వస్తాయి.

అందుకే కొత్తవారి దగ్గర బిల్లు మీద సరుకు కొనేముందు వారి జీఎస్టీ నంబరు పోర్టల్‌లో వేసి చూడడం మంచిది. దాఖలాలు వేళకు పడుతున్నాయో లేదో అక్కడ ఎవరికైనా కనబడుతుంది. కంపెనీలు ఏటూరునాగారం వర్తకుని గురించి అదే చూసి, ఎన్ని రోజులు ఆలస్యం, ఎన్ని తేడాలు అన్నదానినిబట్టి మార్కులు వేస్తున్నాయి.

లారీ లెక్క

50,000 రూపాయలు దాటిన సరుకుకు ఇ-వే బిల్లు కావాలి. రాష్ట్రాల మధ్య ఇది 2018 ఏప్రిల్ 1న, తెలంగాణ లోపల అదే నెల 15న అమలులోకి వచ్చింది. ఇందులో లారీ నంబరు, తేదీ, దూరం అన్నీ ఉంటాయి. కనుక బిల్లును సరుకు కదలికతో పోల్చే వీలున్నది. లారీ అని రాసిన నంబరు స్కూటరుదని తేలిన ఉదంతాలు దేశంలో పలుచోట్ల బయటపడ్డాయి. 49,000 దగ్గర బిల్లులు గుంపుగా కనబడినా యంత్రం ఆగి చూస్తుంది.

200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. వానాకాలంలో ఇక్కడి రోడ్లు ఎలా ఉంటాయో యంత్రానికి తెలియదు. 2023 జూలైలో జంపన్న వాగు పొంగినప్పటి పరిస్థితి ఈ ప్రాంతం వారికి గుర్తే. దారిలో లారీ ఆగిపోతే గడువు ముగియడానికి 8 గంటల ముందు గాని, ముగిసిన తరువాత 8 గంటల లోపు గాని కారణం చూపి పొడిగించుకోవాలి.

యంత్రానికి తెలియనివి

యంత్రం చూపేది తేడాను మాత్రమే. ఆ తేడా తప్పో కాదో తేల్చవలసింది మనిషి. మిరప వ్యాపారంలో సహజమైన తేడాలు మూడింటిని వర్తకులు ముందే రాసిపెట్టుకోవడం మేలు.

ఒకటి తరుగు. కల్లంలో కొన్న బరువు, శీతల గిడ్డంగి నుంచి తీసిన బరువు ఒకటి కావు. కాటా చీటీలు, గిడ్డంగి రసీదులు జతగా ఉంటే జవాబు చేతిలోనే ఉంటుంది. లేకపోతే ఆ తరుగును బిల్లు లేని అమ్మకంగా లెక్కగట్టే ప్రమాదం ఉన్నది.

రెండు రకం. తేజ అయినా చపాటా అయినా పన్ను పట్టికలో ఎండుమిరపే. ధరలు మాత్రం చాలా వేరు. బిల్లులో రకం పేరు రాయకపోతే ఒకే రోజు రెండు ధరలకు అమ్మినట్లు కనబడి విలువ తక్కువ చూపారన్న అనుమానం వస్తుంది.

మూడు ధర పతనం. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి, ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించవలసి వచ్చింది. అంతకుముందు ఎక్కువకు కొని నిల్వ చేసినవారు నష్టానికి అమ్మారు. కొనుగోలు కన్న అమ్మకం తక్కువైతే యంత్రం గంట కొడుతుంది. ఆ వారపు మార్కెట్ ధరల పట్టీ ఫైలులో ఉంటే అదే సాక్ష్యం.

పత్తి, బీడీ ఆకు

పత్తి రైతు దగ్గర రిజిస్టరయిన వర్తకుడు కొంటే పన్ను కొన్నవాడే కట్టాలి. 2017 నవంబరు 15 నుంచి ఈ నియమం ఉన్నది. కట్టినదానిని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. జిన్నింగు మిల్లుల పన్ను విభాగాలు తక్‌పట్టీల మొత్తాన్ని కట్టిన పన్నుతో నెలనెలా పోల్చుకుంటాయి. మార్కెట్ కమిటీ రికార్డులో ఉన్న కొనుగోలు పన్ను దాఖలాలో లేకపోతే దాచిపెట్టడం సాధ్యం కాదు.

బీడీ ఆకుకు 2025 సెప్టెంబరు 22న పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండు రేట్లు వచ్చాయి. ఆ ఏడాది బిల్లులను తేదీల వారీగా వేరుచేసి రేటు సరిచూసుకోవలసిన అవసరం ఆకు కొన్న ప్రతివారికీ ఉన్నది.

ఆదాయపు పన్ను వైపు కూడా ఇదే పోలిక జరుగుతున్నది. 2021 జూలై 1న వచ్చిన నియమం ప్రకారం, గత ఏడాది టర్నోవరు 10 కోట్లు దాటిన కొనుగోలుదారు ఒకే వర్తకుని దగ్గర 50 లక్షలకు మించి కొన్నదానిమీద 0.1 శాతం మినహాయిస్తాడు. మన ఉదాహరణలో 22 లక్షలమీద 2,200 రూపాయలు. సొమ్ము చిన్నదే గాని, దాని ద్వారా అమ్మకం మొత్తం ఆదాయపు పన్ను శాఖకు తెలుస్తుంది. జీఎస్టీలో ఒక టర్నోవరు, ఆదాయపు పన్నులో మరొక టర్నోవరు చూపే రోజులు పోయాయి.

నెలవారీ క్రమం

చిన్న వర్తకుడికి కంపెనీల ఖరీదైన యంత్రం అవసరం లేదు. మామూలు కంప్యూటరులో వరుసల పట్టీ చాలు. తేదీ, బిల్లు నంబరు, కొన్నవారి జీఎస్టీ నంబరు, రకం, బస్తాలు, బరువు, విలువ, పన్ను, ఇ-వే నంబరు, లారీ నంబరు – ఈ పది గళ్లు ఏ రోజుకారోజు నింపాలి. నెల దాటాక 5వ తేదీలోగా ఆ పట్టీని పెద్ద కొనుగోలుదారులకు పంపి వారి పుస్తకంతో సరిచూపించుకోవాలి. 11లోగా జీఎస్టీఆర్-1 వేయాలి. 14న వారి 2బిలో అన్నీ వచ్చాయా అని అడగాలి. తేడా ఉంటే 20న 3బి వేసేలోగా దిద్దాలి. కంపెనీ గనుక 2బికి మించి క్రెడిట్ తీసుకుంటే దానికి తాఖీదు వస్తుంది, జవాబుకు 7 రోజులే గడువు. అప్పుడు కంపెనీ వర్తకుణ్ణి నిలదీస్తుంది. ఆ పరిస్థితి రాకముందే ఫోను చేసిన వర్తకుడికి మార్కులు పెరుగుతాయి.

మిరప రైతుకు సొమ్ము కల్లం దగ్గరే ఇవ్వాలి, లేదా వారం వాయిదా. కంపెనీ నుంచి రావలసినది ఆగితే వర్తకుడు వడ్డీకి తెచ్చి ఇస్తాడు, లేదా రైతును తిప్పుకుంటాడు. మొదటిది లాభాన్ని తింటుంది, రెండవది మాటను పోగొడుతుంది. అంకె తప్పు పడిన బిల్లు భారం చివరకు వచ్చి పడేది కల్లంలోనే. కాటా దగ్గర దడవాయి ముల్లు నిలిచేదాకా ఎంత ఓపికగా చూస్తాడో, దాఖలా వేసేముందు గుమాస్తా అంత ఓపికతో పట్టీని ఒకసారి చదివితే ఈ సీజను సొమ్ము ఈ సీజనులోనే చేతికి వస్తుంది.